పదేసి కిలోల లెక్క

పాతికేళ్ళుగా నా పని ఒకటే.
వచ్చిన లారీని కాటా మీదకి రమ్మనడం,
నిండు తూకం రాయడం,
సరుకు దించాక ఖాళీగా మళ్ళీ రమ్మనడం.
ఆ రెంటికీ ఉన్న తేడా మీదే
మండపేట రోడ్డులో మిల్లులన్నీ నడుస్తాయి.

నన్ను నేను ఎప్పుడూ తూచుకోలేదు.
మందుల షాపు ముందు రూపాయి మిషను
రంగు లైట్లు వెలిగించి పిలిచేది గానీ
నలుగురిలో చెప్పులు విప్పడం దేనికని.

నలభై ఎనిమిదో ఏట మోకాళ్ళు చెప్పాయి.
కాటా గదికి ఉన్నవి మూడే మెట్లు,
ఆషాఢం వచ్చేసరికి ఆరయ్యాయి.

"అన్నం మానెయ్యి" అన్నారు అందరూ.
ఏమండీ, కిటికీ తీస్తే వరి, మూస్తే ఊక.
జడలో, టీ గ్లాసులో, లెడ్జరు మడతల్లో
ధాన్యం దుమ్ము.
అన్నం మానాలంటే నేను ఊరే మారాలి.

మోకాళ్ళకి కరెంటు పెట్టే పిల్ల ప్రసూన
ఒక్కతే తిరగేసి చెప్పింది:
"అన్నం ఉంచుకోండి ఆంటీ,
దాని మీద పోసేవి తీసెయ్యండి."

దాని మీద పోసేవి!
నెయ్యి. వేపుడు మూకుడు అడుగున మిగిలే ఎర్ర నూనె.
మీగడ పెరుగు. గుడ్డు.
వరదకి ఎదురీదొచ్చే పులస సరే,
చెరువులో ఊరికే పెరిగే బొచ్చె కూడానా?
కూడానే.

మొదటి రోజు
నూనె లేని మూకుట్లో ఆవాలు వేశాను.
పట్టుకునేదేమీ లేక అవి
స్టవ్వు కిందకీ సింకులోకీ పారిపోయాయి.
మా త్రిమూర్తులు అరటికాయ ముక్క నోట్లో పెట్టుకుని
చాలాసేపు ఆలోచించి
"వేడిగా ఉంది" అన్నాడు.

తర్వాత్తర్వాత
లంకల కంద చింతపండులో మెత్తబడింది.
మెట్ట నుంచి అబ్బులు లారీలో
కర్రపెండలం సంచీ దిగింది.
నిప్పుల్లో చిలగడదుంప, పెసలు, తోటకూర కాడలు.
దంపుడు బియ్యం నమిలి నమిలి దవడలు నొప్పెట్టాక
అన్నానికి తనదంటూ ఓ తీపి ఉందని
ఇప్పటికి తెలిసింది, వరి మధ్య పుట్టిన దానికి.

పొద్దున్నే గంజి.
మా అమ్మమ్మ గంజి తాగేటప్పుడు
వీధి తలుపు దగ్గరికి వేసేదట.
నాలుగు డబ్బులొచ్చాక మా ఇంట్లో గంజి
ఒంట్లోంచి లేచి చీరల్లోకి వెళ్ళిపోయింది.
నేను స్టీలు గ్లాసు పట్టుకుని
మెట్ల మీద కూర్చుంటే
క్లీనరు కుర్రాడు ఆగి, గొంతు తగ్గించి
"ఇంట్లో ఏవైనా ఇబ్బందా అక్కా?" అన్నాడు.
చెయ్యి జేబులోకి పోయింది కూడా.
నవ్వొచ్చింది, ఇంకోటేదో కూడా వచ్చింది.
కంట్లో ఊక పడిందన్నాను.

శ్రావణంలో ఓ రాత్రి
పక్కింటి గోడ మీంచి పులుసు వాసన దిగింది.
అబద్ధం దేనికి, లేచి వెళ్ళి గోడ దగ్గర నించున్నాను.
మంగతాయారు గారు చూసి, ఏమీ అడక్కుండా
గిన్నె అందించారు.
తిన్నాను. ముళ్ళు కూడా చీకాను.
పొద్దున్న మళ్ళీ గంజి పెట్టుకున్నాను.

బళ్ళు లేని రాత్రుల్లో
కాటా నడిమధ్యన వెళ్ళి నిలబడతాను.
అరవై టన్నులు మోసేదానికి
నేనో లెక్కా?
పదేసి కిలోలకి తప్ప అంకె మార్చదు అది.
గోడ మీది బోర్డులో ఎర్రగా: తొంభై.
జాకెట్లకి లోపలికి కుట్లు వేసుకున్నాను. తొంభై.
మెట్లు మళ్ళీ మూడయ్యాయి. తొంభై.
నాలోంచి గరిటెలు గరిటెలుగా పోయిందంతా
దానికి చిల్లర.

నిన్న, కోతల లారీలు కాలవ గట్టు దాకా బారులు తీరిన రాత్రి,
ఒక బండి దిగి ఇంకోటి ఎక్కే సందులో
గభాల్న వెళ్ళి నిలబడ్డాను.
తొంభై అంది.
కాలవ మీంచి గాలి కొట్టింది. ఎనభై అంది.
మళ్ళీ తొంభై.
మళ్ళీ ఎనభై.
వెనక హారను.
"అక్కో, దిగు, నా బండెక్కాలి!"

ఉండవయ్యా అబ్బులూ,
కాటా తేలనీ.