ఇద్దరూ ఒక్కరే

బడి టీసీలో నేను వై. ప్రభుదాసుని.
వై అంటే మా నాన్న, యేసుదాసు.
ఈ మద్రాసులో తండ్రి ఒక్క అక్షరమై
బిడ్డకి ముందు నడుస్తాడు.
పాస్‌పోర్టులో కలపాల ప్రభుదాసుని.
అది ఇంటిపేరు. ఆ ఇల్లు ఎక్కడుండేదో
మా తాత కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు.
జర్మనీ వాళ్ల ఫారం అడుగుతోంది:
వీళ్లలో ఎస్తేరు మొగుడు ఎవరు?

హైకోర్టు ఎదురుగా, తంబుచెట్టి వీధి మొదట్లో
గొడుగు కింద టైపు మిషను పెట్టుకున్న మురుగేశన్
ఇరవై రూపాయల స్టాంపు కాగితం మీద కొట్టిచ్చాడు:
పైన చెప్పిన ఇద్దరూ ఒక్కరే.
పెళ్లిరోజు పాస్టరుగారు అన్నదీ ఈ మాటే.
ఊరికే అన్నారు, స్టాంపు అడగలేదు.

పెళ్లి సర్టిఫికెట్ తమిళంలో ఉంది.
దాన్ని ఇంగ్లీషులోకి, ఇంగ్లీషుని జర్మన్‌లోకి దించారు.
మూడు భాషల్లో జరిగింది మా పెళ్లి,
మేం పోట్లాడుకునే తెలుగులో తప్ప.

పుట్టిన సర్టిఫికెట్లో పేరు గడి ఖాళీ.
మగ శిశువు, అంతే.
కార్పొరేషన్ ఆఫీసులో అమ్మాయి తలెత్తకుండా
నాళైక్కి వాంగ, అంది.
ఆ రేపటికి పదకొండుసార్లు వెళ్లాను.

ఆదివారం ఆరాధన మానేసి
నుంగంబాక్కంలో జర్మన్ క్లాసు.
చుట్టూ పంతొమ్మిదేళ్ల పిల్లలు. నాకు నలభై మూడు.
బల్ల మగది, తలుపు ఆడది, కిటికీ రెండూ కాదు.
ఆడపిల్ల కూడా రెండూ కాదట. ఎందుకని అడిగితే
వేదవల్లి టీచరు నవ్వి, బట్టీ పెట్టండి సార్ అన్నారు.
ఒక్కటి మాత్రం నాకు నచ్చింది.
కొన్ని వాక్యాల్లో క్రియ, మనకి లాగే,
కొసకి వెళ్లి కూర్చుంటుంది.
నేను, వచ్చే నెల, విమానంలో, నీ దగ్గరికి...
అక్కడిదాకా విన్నా తెలీదు
వస్తున్నానో, రావడం లేదో.

నాది పెరంబూరులో బైండింగు పని.
ఇరవయ్యేళ్లుగా మైదా జిగురు, అట్ట అంచులు.
వీసా సెంటర్లో గాజు మీద వేళ్లు పెట్టమన్నారు.
యంత్రానికి నేను కనబడలేదు.
తుడిచి పెట్టండి. ఊది పెట్టండి. గట్టిగా నొక్కండి.
ఎన్ని లెడ్జర్లకి వీపులు కుట్టానో,
గీతలన్నీ వాటికే ఇచ్చేసి వచ్చినట్టున్నాను.
నాలుగోసారికి పచ్చలైటు వెలిగింది.
పైగా రూలు: కాగితాలు కుట్టకూడదు, పిన్ను కొట్టకూడదు.
ఫ్యాను కింద నూట పన్నెండు విడికాగితాలు పట్టుకుని
ఒక బైండరు నిలబడ్డాడు.

గాజు అవతల ఆవిడ అడిగింది:
మీ ఆవిడ టీలో చక్కెర ఎన్ని చెంచాలు?
టీ తాగదండీ, అన్నాను.
చాలాసేపు రాసుకుంది.
ఆ రాత్రి ఫోనులో అడిగాను, తాగుతున్నావా అని.
నైట్ డ్యూటీలో, ముసలాళ్లకి మందులిచ్చాక,
ఒక కప్పు, అంది ఎస్తేరు.
చక్కెర?
లేకుండానే. అలవాటైపోయింది.
టీ తాగని ఎస్తేరు, తాగే ఎస్తేరు,
ఈ ఇద్దరూ ఒక్కరేనని
ఏ గొడుగు కింద కొట్టిస్తారు?

పరిశీలనలో ఉంది, అంటుంది వెబ్‌సైటు.
పద్నాలుగు నెలలుగా అదే మాట, అదే బూడిదరంగు.
పాస్‌పోర్టు ఫొటోలో నా మీసం నల్లగా ఉంది.
ఓనరు సెల్వరంగం కొత్తగా ఏ ఆర్డరొచ్చినా
నువ్వుంటావా, పోతావా అని అడిగి మరీ తీసుకుంటున్నాడు.
ఉంటానని చెప్తే అపశకునం,
పోతానని చెప్తే అబద్ధం.

నిన్న లైప్జిగ్‌లో గది చూపించింది.
అక్కడ మంచం ఒకటే గానీ
దుప్పటి మనిషికొకటట.
రెండోది కొనేసింది. ఊదారంగు. మడత విప్పలేదు.
అంచున ధర చీటీ ఇంకా వేలాడుతోంది.
ఎందుకు తియ్యలేదని అడగబోయి
అక్కడ టైమెంతయింది, అన్నాను.