గల్లాపెట్టెలో బొగ్గు

మా కొట్టుకి తలుపు లేదు, కిటికీయే.
ఎంత పొడుగు మనిషైనా
నడుము పైనుంచే కనిపిస్తాడు.
చేతులు మాత్రం పూర్తిగా కనిపిస్తాయి.
ముప్పయ్యొక్కేళ్లుగా ఈ రూర్ లోయలో
నేను చేతుల్నే చూస్తున్నాను.

రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే వస్తుంది బోగుమిలా,
ముసలివాళ్లకి స్నానాలు చేయించి చేయించి
వేళ్లు నానిపోయిన పోలండ్ నర్సు.
"ఈ నెల గడ్డి ఇంకా పడలేదు" అంటుంది.
వాళ్ల భాషలో డబ్బుకి ఎండుగడ్డి అని ముద్దుపేరు.
ఏ పశువు మేసిందో అడగను.
సిగరెట్లు ఖాతాలో రాసుకుంటాను.

గెనాదికి అది క్యాబేజీ.
నోట్లు ఒలిచినట్టే ఇస్తాడు, పొర తర్వాత పొర,
లోపలి మొవ్వు తనకుంచుకుని.
ఇంకో మాట కూడా ఉంది వాళ్లకి: ముసలమ్మలు.
"నెవ్‌బహార్, జేబులో ముసలమ్మల్లేరీవేళ!"
కరగందాలో వాళ్లమ్మ పోయిందని తెలిసిన వారం
ఆ మాట అనలేదు,
బేరం కూడా ఆడలేదు.

లారీ ఆపుకుని కాఫీ తాగే లూసియాన్‌ది ఫ్రెంచి నాలుక.
ఉంటే పుల్లకూర అంటాడు,
లేకపోతే "ఒక్క ముల్లంగి కూడా లేదు."
చిల్లిగవ్వ ఉండాల్సిన చోట ముల్లంగి!
ఈ పేర్లు పెట్టినవాడెవడో
అన్నం తినకుండా పెట్టాడు.

ఇక్కడి జర్మన్లకైతే
ఒకటో తారీఖున ఎలుకలు, చకచకా పరిగెడతాయి.
ఇరవై దాటాక కప్పలు,
ఒక్కోదాన్నీ పట్టి బల్ల మీద పెట్టాలి.
ఏ తారీఖుకైనా చెల్లే మాట ఒకటుంది:
బొగ్గు.

ఒట్‌మార్ దాన్ని ముప్పై ఎనిమిదేళ్లు తవ్వాడు.
ఇప్పుడు దగ్గుతాడు.
సాయంత్రాలు వస్తాడు. తనకో బీరు,
మనవడికి ఒక యూరో కలగలుపు పొట్లం:
పుల్లబిళ్లలు నాలుగు, జిగురు పాములు రెండు,
నల్లవి మాత్రం వద్దు.
"తాతా, బొగ్గుందా?" అంటాడు యానిక్ ముందే.
వాడు పుట్టేసరికే ఆఖరి గని మూసేశారు.
వాడికి బొగ్గంటే తళతళలాడేది.

మా నాన్న జోంగుల్‌దాక్ గనుల్లోంచి వచ్చాడు ఇక్కడికి,
ఒక చీకట్లోంచి ఇంకో చీకట్లోకి,
నడుమ మూడు రోజుల రైలు.
ఇంట్లో డబ్బుని మంగర్ అనేవాడు.
పాత రాగినాణెం పేరది.
హుక్కా మీద పెట్టే బొగ్గుపొడి బిళ్లకీ అదే పేరు.
జీతం అమ్మ ఒళ్లో పోసి
"ఇదిగో మంగర్" అన్నప్పుడల్లా
రెండిట్లో ఏదో నేనడగలేదు.
ఆయన గోళ్లు చూస్తే తెలిసేది కాదు.

పోయిన నవంబరులో
ఒట్‌మార్ నాణేలు లెక్కపెట్టాడు.
మళ్లీ లెక్కపెట్టాడు.
అరవై సెంట్లు తక్కువ.
యానిక్ పొట్లం అప్పటికే విప్పేశాడు,
పాము తల నోట్లో ఉంది.
"రేపివ్వు" అన్నాను. వినిపించుకోలేదు.
కోటు లోపలి జేబులోంచి రుమాలు,
రుమాల్లోంచి కోడిగుడ్డంత ముద్ద.
ఆఖరి షిఫ్టు నాడు పైకి తెచ్చుకున్నది.
"బొగ్గు" అన్నాడు, బల్ల మీద పెట్టి.
ముఖంలో ఎగతాళి లేదు.

పిల్లాడు నమలడం ఆపాడు.
ముట్టుకుని వేలు చూసుకున్నాడు.
"అంటుకుంటోంది తాతా."
"అంటుకుంటుంది."

తిరిగి ఇవ్వబోతే
చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

గల్లాపెట్టెలో రెండు యూరోల గడి ఖాళీ.
అందులో సరిగ్గా పట్టింది.
చిల్లరెంత ఇవ్వాలో తెలియక
కాసేపు సొరుగు మూయలేదు నేను.

మర్నాడు బోగుమిలా అరచెయ్యి చూసుకుంది,
నన్ను చూసింది, ఏప్రాన్‌కి తుడుచుకుంది.
గెనాది క్యాబేజీ మీద ఎవరిదో వేలిముద్ర.
లూసియాన్ స్టీరింగుకి పూసుకుని
సరిహద్దు దాటించేశాడు కొంత.

వారం చివర బ్యాంకులో కొత్తమ్మాయి
నాణేల సంచీ విప్పి ముక్కు చిట్లించింది.
"ఏమిటండీ ఇది?"

బొగ్గు, అన్నాను.

"తెలుసండీ.
ఎంతుంది?"