గీత వేసే బండి వెనక

నా పని నడవడం.
కలామా దాటి, కొండమీది వేధశాలకు పోయే ఎడారి దారిలో
తెల్ల గీత వేసే బండి వెనకాల,
ఒక పక్క ‘ఆగు’, ఇంకో పక్క ‘పద’ అని రాసిన పలక పట్టుకుని.

బండిది నిండు చూలాలి నడక.
దాని తోకకు రాగి లారీలు, నీళ్ల ట్యాంకర్లు,
కోళ్ల వ్యాను, గని డ్యూటీ బస్సు.
హారన్లు. తిట్లు. చచ్చిపోయిన మా అమ్మను కూడా వదలరు.

పొద్దున ఏడో రాయి దగ్గర కట్టిన గుంపు
మధ్యాహ్నానికి పంతొమ్మిదో రాయి దగ్గరుంటుంది.
అందులో పొద్దుటి లారీ ఒక్కటీ ఉండదు.
పన్నెండేళ్లు నడిచీ నేనిది చూడలేదు.
చూసినవాడు బెనిగ్నో,
పైన దూరదర్శిని అద్దాలు కడిగే మనిషి.

బస్సు దిగొచ్చి, నా ఫ్లాస్కులో రికరికా ఆకు టీ
అడక్కుండానే సగం తాగేసి,
“ఎదువీనా, ఇదే అది!” అన్నాడు.
“ఏది?”
“గెలాక్సీ చేతులు. చాచి గిరగిరా తిరుగుతున్నట్టుంటాయే, అవి.
నీ వెనకున్న ఈ గుంపే.”

నవ్వాను.
ఫ్యాను రెక్కకు దుమ్ములా
చేతులకు చుక్కలు అంటుకుని ఉంటాయనుకున్నా ఇన్నాళ్లూ.

“అంటుకుని ఉంటే మీ అమ్మ కదురు గుర్తు తెచ్చుకో.
లోపలి చుక్కలు తొందరగా చుట్టొస్తాయి, బయటివి ఆలస్యం.
నాలుగు తిప్పులకే లామా ఉన్నిలా బిగిసి కండె అయిపోవాలి.
మన సూర్యుడే ఇప్పటికి ఇరవై చుట్లు తిరిగాడట.
మరి చేతులింకా విప్పారే ఉన్నాయేం?
చేయంటే చుక్కలు కాదు.
చుక్కలు వచ్చి, కాస్త నెమ్మదించి, దాటిపోయే ఇరుకు.”

పుంత అన్నాక బళ్లు ఆగకుండా ఉంటాయా, అనుకున్నాను.
పాలపుంతైనా సరే.

“మరి అక్కడే అంత వెలుగెందుకు?”
“ఇరుకులో మబ్బులు నలుగుతాయి. నలిగినచోట కొత్త చుక్కలు పుడతాయి.
వాటిలో పెద్దవి నీలంగా, దుబారాగా మండి
ఇరుకు దాటకుండానే అయిపోతాయి.
పొదుపుగాళ్లు, పసుపువీ ఎర్రవీ, దాటి వెళ్తారు.”

“సరే. అక్కడ గీత వేసే బండి ఎవరిది?”

తల గోక్కున్నాడు.
పక్కనుంచి పోయిన ఇంకో గెలాక్సీ లాగిందని కొందరంటారట.
నడిమి కడ్డీ కలియబెడుతోందని కొందరు.
కొన్నిచోట్ల బండే లేదట,
గుంపు దానంతటదే కట్టి, చెదిరి, మళ్లీ కడుతుందట.
“నాకేం తెలుసు, నేను అద్దాలు కడుగుతాను.”

పలక తిప్పాను. పద.
బస్సుతో పాటే వెళ్లిపోయాడు, గ్లాసు కూడా ఇవ్వకుండా.

ఆ సాయంత్రం ఇరవై అయిదో రాయి దగ్గర
ఫావుస్తో గూడు పక్కనుంచి నడిచాను.
రేకు కప్పు, ప్లాస్టిక్ పూలు, సీసాలో నీళ్లు,
వాడి నీలం హెల్మెట్.
గుంపును దాటేయబోయాడు మోటార్‌సైకిల్ మీద.
పంతొమ్మిదేళ్లు.

దానికి రెండు రాళ్ల ఇవతలే, అయిదేళ్ల కింద,
ఆగిన పికప్‌లో రోసెందాకు నొప్పులొచ్చాయి.
నా పలక ఎండకు అడ్డం పట్టాను, ‘ఆగు’ ఆమె వైపు.
బిడ్డ ఆగలేదు.

మొన్న ఆ పిల్ల, ఇల్దా,
తను పుట్టిన చోటు చూపించమని నా వేలు పట్టుకుంది.
ఇరవై మూడో రాయి దాకా తీసుకెళ్లాను.
ఏమీ లేదు. గాలి. చెరిగిపోతున్న గీత.
ఒక్క బండి వంద మీద దూసుకుపోయింది.

“ఇక్కడేనా?”
“ఇక్కడే. కానీ నువ్వు పుట్టింది ఇరుకులో.
అది ముందుకెళ్లిపోయింది.”
“ఎక్కడికి?”

దూరంగా, ముప్పయ్యో రాయి వైపు,
సన్నగా హారన్లు.
ఈరోజు పలక ఇంకెవరి చేతిలోనో.