పిక్క లోపలి యార్డు

వీపు మీద నలభై ఐదు కిలోల తేజ టిక్కీ,
లారీకి వేసిన చెక్క మీద రెండో అడుగు.
పురికొస తెగినట్టు చిన్న చప్పుడు.
సంచి పిగిలిందేమోనని చూసుకున్నాను.
సంచి బాగానే ఉంది.
పిగిలింది నా ఎడమ పిక్క.

"దిగు జోజప్పా, దారివ్వు" అన్నాడు మేస్త్రి.
నా వెనక ఇంకా పదకొండు మంది మరి.

పొద్దుగూకేసరికి కాలు బుంగలా ఉబ్బింది.
చెయ్యి వేస్తే
ఎండలో పోసిన మిరప కుప్పలో పెట్టినట్టు కాలింది.
"ఒక్క సూదితో వాపు తీసేస్తా,
రేపే బరువెత్తొచ్చు" అన్నాడు మా వీధి ఆరెంపీ.
రేపు అనే మాటకి లొంగే మనిషిని నేను.
ఇన్నాసమ్మ లొంగదు.
ఆటోలో కుదేసి గుంటూరు పెద్దాసుపత్రికి లాక్కుపోయింది.

అక్కడ షంషాద్ అని కుర్ర డాక్టరమ్మ
ఓపీ చీటీ వెనక నా పిక్కని గీసింది.
పొడుగు గీతలు, కండ పోగులట.
తెగిన చోట చుక్కలు, చుక్కల మీద చుక్కలు.
"నువ్వు కూలబడ్డ గంటకే
వీళ్ళు రక్తంలోంచి దిగారు."

నాకు నా పద్ధతిలో అర్థమైంది.

మొదటి ముఠా కుర్రాళ్ళు.
కబురందితే పరుగున వస్తారు, కూలెంతని అడగరు.
ఊపులో పక్కనున్న మంచి పోగునీ గీరేస్తారు.
ఒకట్రెండు రోజులే బతుకు, అక్కడే రాలిపోతారు.

వెనక వచ్చేది పెద్ద పొట్టలవాళ్ళు.
తెగిన పోగుల్ని తింటారు,
రాలిన కుర్రాళ్ళనీ తింటారు.
"తింటారా?" అన్నాను.
"తినకపోతే ఎవరు ఊడుస్తారు?"
ముక్కుకి కొంగు కట్టుకుని
రాత్రి పదింటికి తాలుకాయలు ఊడ్చే
మా యార్డు ఆడవాళ్ళు కళ్ళలో మెదిలారు.

తర్వాత చెప్పింది నేను నమ్మలేదు.
ఆ ఎంగిలి తిని తినే వాళ్ళ గుణం మారుతుందట.
మూడో రోజుకో నాలుగో రోజుకో
కసిరే గొంతు మంత్రసాని గొంతవుతుందట.
పోగుల అంచున ముడుచుకుని
నేను పుట్టినప్పటి నుంచీ పడుకునే ఉన్న గింజల్ని
మొదట కేకేసి లేపేదీ వాళ్ళే,
ఆనక నిమిరి
ఒకదాన్నొకటి పట్టుకోండమ్మా, పోగుగా పేనుకోండి
అనేదీ వాళ్ళే.

"మరి ఈ వాపు?"
"పని జరిగే చోట వేడి ఉండదా?
అప్పుడే నీళ్ళు పోసి ఆర్పకు."
నొప్పికి బిళ్ళ ఇచ్చింది. సూది వద్దంది.

చివర్లో కొందరొస్తారట, చాలా తక్కువ మంది,
'ఇక చాలు' అనడమే వాళ్ళ ఉద్యోగం.
మా మేస్త్రికి ఆ మాట రాదు.

"చాలన్నా పోకపోతే?"
"కండ ఉండాల్సిన చోట నార పేరుకుంటుంది."

మా నాన్న కుడి భుజం.
ఎన్నిసార్లు తెగిందో,
ఎన్నిసార్లు మర్నాడే దాని మీద టిక్కీ ఎక్కించాడో.
ఆఖరి స్నానం చేయిస్తుంటే
నా అరచేతికి చెక్క తగిలినట్టు తగిలింది.
వయసు అనుకున్నాను అప్పుడు.

డాక్టరమ్మ చీటీ మడిచి ఇచ్చింది.

దిండు మీద కాలు పెట్టుకుని ఇరవై రోజులు.
కోల్డ్ స్టోరేజీ పక్కన తొడిమలు తీసే పనికి
ఇన్నాసమ్మ పోయింది.
మాపటికొచ్చి, మండే వేళ్ళు మజ్జిగలో ముంచుకుంటూ
"ఏం చేశావు పొద్దున్నించీ?" అనేది.
"నేనేం చెయ్యలేదు. లోపల చేస్తున్నారు."
నవ్వేది కాదు.

ఒక రాత్రి వంగి,
మిరప మంట నాకంటకుండా వేళ్ళు పైకి మడిచి
మణికట్టు ఆనించింది పిక్క మీద.
చాలాసేపు అలాగే ఉంచింది.
"చల్లబడింది" అంది.
"వెళ్ళిపోయినట్టున్నారు."