ఫ్యాన్ బంద్

రెండో ఆదివారం పదకొండింటికి
హన్మకొండ చౌరస్తా వెనక గల్లీలో
మూతబడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ మీది గదిలో
తొమ్మిదిమందిమి ఆల్బంలు ముందటేసుకుంటం.
విప్పేముందు మొగిలి సార్ నా దిక్కు చూస్తడు.
స్విచ్ బోర్డు పక్క కుర్చీ నాది.
టక్.
రెక్కలు పూర్తిగ ఆగేదాక ఎవరూ పేజీ తిప్పరు.

మే నెలల ఓరుగల్లు ఎండ చెప్పేదేముంది,
గోడలు గూడ ఊపిరి బిగబట్టుకొని నిలబడ్తయి.
తుమ్మొస్తే వరండాలకు పోయి తుమ్మాలె.
నవ్వొస్తే ముక్కు మూసుకొని నవ్వాలె.

లైన్‌మన్ కొమ్రెల్లికి పిట్టలే కావాలె:
హంగేరీ వడ్రంగిపిట్ట, క్యూబా చిలుక.
రోజంతా తీగల మీద వాటిని లేపేటోడు
ఆదివారం పట్టకారుతోని మెల్లగ కూసోబెడ్తడు.
పళ్ళ డాక్టర్ వైజయంతమ్మ స్టాంపుకూ పళ్ళే లెక్కపెడ్తది.
పైన పద్నాలుగు, పక్కన పద్నాలుగున్నర,
ఒక్క పన్ను విరిగినా ఆమె మొహం చూడాలె.
నాకు బొమ్మలతోని పని లేదు, ముద్రలు కావాలె.
పరకాల, ములుగు, నెక్కొండ, గార్ల,
ఏ ఊరి పేరైనా బిళ్ళ మీద సగమే పడ్తది,
కడమ సగం కవరు మీదనే ఉండిపోతది.
ఆ సగం ఊర్లన్నీ కలిపి ఒక జిల్లా చేసుకున్న.

గౌసుద్దీన్ సాబ్ మాత్రం ఎప్పుడూ ఒక్కటే తెస్తడు.
నిజాం కాలపు మూడణాల బిళ్ళ,
మన ఖిలా తోరణం బొమ్మ.
ముద్ర పడలే. నాలుక తగలలే.
వెనక జిగురు ఇంకా మెరుస్తది.
వాళ్ళ అబ్బాజాన్ కిటికీ కాడ నిలబడి కొన్నడట,
ఉత్తరం మాత్రం రాయలేదట.
ఎవరికని ఒకసారి కొమ్రెల్లి అడగబోతే
సాబ్ భూతద్దం తుడుసుకుంట కూసున్నడు,
చానాసేపు.

జూన్‌లో ప్రదర్శన. బడినుంచి అడిగి తెచ్చిన బోర్డులు
గోడకు ఆనిచ్చి ఉన్నయి.
మొదటి బోర్డు నడిమిట్ల ఆ తోరణమే అనుకున్నం.

అప్పుడొచ్చింది శాలోమి.
కాజీపేట రైల్వే క్వార్టర్లు, తొమ్మిదో తరగతి,
సైకిల్ తొక్కి తొక్కి చెమటలు ధారలు ధారలు,
చంకల ఒక లాంగ్ నోట్‌బుక్.
"అమ్మో, ఏం ఉబ్బరిస్తుంది!" అనుకుంట
నా తల మీదికెళ్ళి చెయ్యి చాపింది.
టక్.

కొమ్రెల్లి పిట్టలు
పుట్టినప్పటిసంది మొదటిసారి ఎగిరినయి.
నా సగం ఊర్లు చెల్లాచెదురు.
తోరణం లేదు.

మోకాళ్ళ మీద పడ్డం అందరం.
బల్లకింద డాక్టరమ్మ, బీరువా వెనక సార్ టార్చిలైటు,
చాయ్ గ్లాసుల అడుగులు గూడ తిప్పి చూసినం.
ఎవరూ పిల్లను ఏమనలే, అదింకా ఘోరం.
ఏడుపాపుకోలేక కండ్లు తుడుసుకుందామని చెయ్యెత్తితే
మోచేతి కింద, చెమట మీద,
ఖిలా తోరణం.
గట్టిగ పట్టుకొని ఉంది. లాగితే చినుగుతది.

అందరం సాబ్ మొహం చూసినం.
ఆయన ఆ మోచెయ్యి చూసిండు.
"అరె, ఇన్నేండ్లకు డ్యూటీ ఎక్కింది గదా" అన్నడు.

స్టీలు బేసిన్‌ల నీళ్ళు పోసి
మోచెయ్యి ముంచమన్నం. చాన ఓపికగ ముంచింది.
బిళ్ళ తేలింది, బోర్ల.
పనిలో పని, ఆ నోట్‌బుక్కూ అందులకే.
మెతుకులు మెదిపి అంటించిన నూటారు స్టాంపులు!
మొగిలి సార్ గుండె పట్టుకున్నడు.
నీళ్ళు గంజి అయినయి.
పేపర్ పరిచి ఒక్కొక్కటే వరుసగ పెట్టినంక
సాబ్ నా దిక్కు తిరిగి,
"ఫ్యాన్ వెయ్యరాదు, నిదానంగ. ఆరాలె" అన్నడు.

ప్రదర్శనల తోరణం నడిమిట్లనే ఉంది.
జిగురు పోయిందని హైదరాబాద్ నుంచొచ్చిన జడ్జి
మార్కులు కోసిండు.
కింద సాబ్ చేతిరాత:
"మూడణాలు. కొన్నది మా అబ్బా.
చేరింది శాలోమికి, కాజీపేట."
"ఈ శాలోమి ఎవరండీ?" అనడిగిండు జడ్జి.
సాబ్ భూతద్దం తుడుసుకోవడం మొదలువెట్టిండు.
ఈసారి ఎక్కువసేపు పట్టలే.
"అగో" అన్నడు,
స్విచ్ బోర్డు పక్కన
నా కుర్చీల కూసున్న పిల్లను చూపిచ్చి.