మెట్ల కింద

ముషీరాబాద్‌లో మా బడికి చోటు తక్కువ.
మిగిలిందల్లా మెట్ల కింద ఒక మూల,
కాలు విరిగిన బెంచీలు, ఎలక్షన్ల నాటి అట్టపెట్టెలు,
ఆఫ్రికా దగ్గర సొట్టపడిన గ్లోబు.

ఆయా బాలమణి ఒక ఆదివారం వచ్చి
అన్నీ బయట పడేసింది. గ్లోబు ఒక్కటి ఉంచింది.
ఇంటి నుంచి జంపఖానా తెచ్చింది,
రంజన్‌లో నీళ్లు, పాత చీర కుట్టిన తెర,
రేకు డబ్బా నిండా చింతగింజలు.
గింజలెందుకంటే
"చేతులకు పనుంటే పానం జర నిమ్మళమైతది మేడం."

హెడ్మాస్టరు 'శాంతి కుటీరం' అని బోర్డు రాయిస్తానన్నారు.
పెయింటరు రాలేదు. మంచిదే అయింది.
"టీచర్, మెట్ల కిందికి పోయొస్త" అంటారు పిల్లలు,
నీళ్లు తాగొస్త అన్నంత మామూలుగా.

షరతు ఒకటే:
లోపలున్నవాళ్లను ఎవరూ ఏమీ అడగకూడదు.

నేను నవ్వాను.
ఏడో తరగతిలో అరవై రెండు మంది,
అందరూ మెట్ల కిందికి పోతే భిన్నాలెవరికి చెప్పను?

ఫైనాన్స్‌వాళ్లు నాన్న ఆటో పట్టుకుపోయిన వారమంతా జుబేదా పోయింది.
క్రాంతి ఎందుకు పోయేవాడో ఇప్పటికీ తెలీదు.
తెర కింద చెప్పులు మాత్రం కనిపించేవి,
మొదట నేలను తంతూ,
తర్వాత ఊరికే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం.
సంచిలో అమ్మ ఆసుపత్రి బిల్లు, బయట వాన, కరెంటు లేదు.
"టీచర్, హారం మార్చలే" అన్నాడు ఐలేశ్.
తప్పు నాదే.
స్కేలు లేచింది.
గాలిలోనే ఆగింది, కానీ లేచింది.

వాడి భుజాలు చెవుల దాకా పోయి
మెల్లగా దిగాయి.
"మీరు జర మెట్ల కిందికి పోయిరాండ్రి టీచర్."
వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు.

తల మెట్టుకు తగిలింది. మోకాళ్లు పట్టలేదు.
ఎవరివో అడుగులు నా నెత్తి మీదుగా దిగిపోయాయి.
గ్లోబు సొట్టలో బొటనవేలు సరిగ్గా కూర్చుంది.
ఎన్ని వేళ్లు రుద్దాయో,
అక్కడ నేల, సముద్రం ఒకటే రంగు.

లెక్కల దాన్ని కదా, గింజలు లెక్కపెట్టాను.
రెండు వందల పన్నెండు.
మళ్లీ పెడితే రెండు వందల తొమ్మిది.
మూడోసారి పెట్టలేదు.

బయటికొస్తే వరండా తుడుస్తున్న బాలమణి
నా మొహం చూసి
బకెట్ పక్కకు జరిపి దారిచ్చింది, అంతే.

హారం మార్చాను. ఐలేశ్‌కు సారీ చెప్పాను.
స్కేలు బీరువాలో పెట్టాను.
బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది,
అది మర్చిపోను.

డబ్బాలో గింజలు వారం వారం తగ్గుతున్నాయి.
ఎవరెవరి జేబుల్లోనో ఇళ్లకు పోతున్నాయి.
చింతపండు కొట్టినప్పుడల్లా బాలమణి మళ్లీ నింపుతుంది.
ఒకటి నా సంచిలోనూ ఉంది,
బిల్లు పక్కన.