వెనక ఎడమ తలుపు

"ఏది మంచిది?" అన్నాడు జుంబేర్.
రెండు రేకులు తీశాను.
బ్యూటైల్ అంటించినదాన్ని వేలితో కొట్టాను: ధబ్.
ఉత్తదాన్ని కొట్టాను: ఖంగ్.
మళ్ళీ కొట్టమన్నాడు.

ఫోమ్ చవకే. రేకు వణుకు మాత్రం ఆపదు.
తారు పట్టీ జూలైలో, తిబిలిసి ఎండకి
కారిపోయి కాళ్ళకంటుకుంటుంది.
ఫెల్టు నీళ్ళు తాగి తుప్పుని కంటుంది.
అబద్ధం చెప్పి అమ్మే వయసు దాటిపోయింది నాకు.

జేబులో డబ్బు ఒక్క తలుపుకే వచ్చింది.
"వెనక, ఎడమవైపు" అన్నాడు, ఆలోచించకుండానే.
కూతురు సియాలా అక్కడే కూర్చుంటుందట.
చెవి మిషను రోడ్డు మోతని కూడా పెంచుతుంది కదా,
కారెక్కగానే తీసి ఒళ్ళో పెట్టుకుంటుందట.
బడి దాకా ఒక్క మాటా ఉండదట.

పాత ముక్కలు కొన్ని మిగిలుంటే
ఆ సీటు కింద నేలకీ వేశాను. లెక్క రాయలేదు.
స్పిరిటుతో తుడిచి, రోలరుతో నొక్కి నొక్కి
గాలి బుడగ ఒక్కటీ మిగలకుండా.

వారానికి మళ్ళీ వచ్చాడు. మొహం అదోలా ఉంది.
మోత తగ్గలేదా అన్నాను.
"తగ్గింది.
నిన్న వంతెన దాటుతుంటే అడిగింది,
నాన్నా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా
నువ్వెవరితో మాట్లాడుతుంటావు? అని."